మంచు మీద గాలం: చేయి పెట్టకుండా చేప

చెరువుగట్టున గాలం వేసి కూర్చున్నవారిని మీరు చూసే ఉంటారు. వెదురుకర్ర, దానికి దారం, దారానికి నడుమ ఒక జీలుగుబెండు, చివర కొక్కెం, కొక్కేనికి వానపాము. బెండు మునగగానే కర్రను విసురుగా పైకి లాగుతారు. ఇందులో కన్ను బెండు మీదా, చేయి కర్ర మీదా ఉండాలి. చేయి పెట్టకుండా గాలమే చేపను పట్టగలదా? పట్టగలదు. చెరువులు గడ్డకట్టే దేశాలలో అలాంటి గాలాలు బాగా వాడుకలో ఉన్నాయి.

తిరుమలగిరిలో పెరిగేవారికి ఆ చలి ఊహకు అందదు. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెల్సియస్. అది 1946 జనవరి 8 నాటి మాట. మన చెరువు గడ్డకట్టడానికి ఆ చలి కూడా చాలదు. అమెరికాలోని మిన్నెసోటాలో మాత్రం చలికాలపు రాత్రి సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోవడం వింతేమీ కాదు. అక్కడ తెలుగువారు చాలామంది ఉన్నారు. మీ బంధువులెవరైనా ఉంటే అడగండి, సరస్సు మీద నడిచామని చెబుతారు.

పైన మంచుగడ్డ ఉంటే అడుగున చేప ఎలా బతుకుతుంది? నీటి సాంద్రత 4 డిగ్రీల వద్ద అన్నిటికన్నా ఎక్కువ అని పాఠంలో చదివారు గదా! ఆ నీరు బరువెక్కి అడుగుకు చేరుతుంది. అంతకన్నా చల్లని నీరు పైన నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ దుప్పటిలా చలిని కొంత అడ్డుకుంటుంది. అడుగున చేప బతికే ఉంటుంది, కాని మందకొడిగా ఉంటుంది. దాని ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, చల్లని నీటిలో జీవక్రియలన్నీ నెమ్మదిస్తాయి. ఎరను గబుక్కున మింగదు, మూతితో మెల్లగా తాకి చూస్తుంది. గాలపుకర్రను ఎంచుకోవడంలో చిక్కంతా ఈ మెల్లని తాకిడితోనే వస్తుంది.

మంచులో జానెడు వెడల్పు రంధ్రం తొలిచి, పక్కనే కర్రను ఒక స్టాండు మీద ఆనించి వదిలేస్తారు. మనిషి రంధ్రం పక్కనే కూర్చుంటాడు కాబట్టి కర్ర రెండుమూడు అడుగులుంటే చాలు. కొన మాత్రం చాలా మెత్తగా ఉండాలి. కొన బిరుసుగా ఉంటే ఎరను నోట పట్టిన చేపకు వెంటనే అడ్డు తగులుతుంది, ఉమ్మేసి పోతుంది. మెత్తని కొన చేపతోపాటు వంగుతుంది. ఆ వంపే మనకు కబురు.

ఇంకో రకం గాలం ఉంది. దీనిలో కర్రను విల్లులా వంచి, కొనను ఒక చిన్న మీటకు తగిలిస్తారు. కర్రలో స్థితిజ శక్తి నిలవ ఉంటుంది. చేప దారాన్ని లాగగానే మీట జారుతుంది, కర్ర చటుక్కున నిటారవుతుంది, కొక్కెం చేప మూతికి తగులుకుంటుంది. మన ఎలుకలబోను గుర్తుకు రావడం లేదూ? అంత వంపుకు కార్బన్ నారతో చేసిన కర్ర విరగవచ్చు. గాజునారతో చేసినదే మేలు. ఖరీదైనదే మంచిదనుకునేవారు ఇక్కడ మోసపోతారు.

ఇక రీలు సంగతి. చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా, రీలు కాస్త జారి దారాన్ని వదలాలి. రీలులో ఒకదానినొకటి ఒరుసుకునే బిళ్ళలు ఉంటాయి. మరను బిగిస్తే ఘర్షణ పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. దారం 4 కిలోల బరువుకు తెగేదైతే, సుమారు 1 కిలో లాగుడుకే రీలు జారేటట్టు పెడతారు. అంత జాగ్రత్త ఎందుకు?

నిండు రీలులో దారపు చుట్ట వ్యాసార్థం 2 సెంటీమీటర్లు అనుకోండి. 1 కిలో లాగుడుకు జారితే, ఘర్షణ భ్రామకం 2 కిలో-సెంటీమీటర్లు. మరను మనం తాకలేదు, కాబట్టి ఆ భ్రామకం మారదు. చేప దారం లాక్కుపోయి చుట్ట వ్యాసార్థం 1 సెంటీమీటరుకు తగ్గిందా, ఇప్పుడు రీలు జారడానికి 2 కిలోల లాగుడు కావాలి! మొదటే 2.5 కిలోలకు బిగించి ఉంటే అది 5 కిలోలయ్యేది. దారం పుటుక్కున తెగేది. చేప మూతిలో కొక్కెంతో, వెంట దారంతో పోయేది.

దీన్ని బడిలోనే చూడవచ్చు. దారపు ఉండకు రెండువైపులా అట్టబిళ్ళలు పెట్టి, నడుమ బోల్టు దూర్చి, కొయ్యముక్కకు నట్టుతో బిగించండి. దారం కొసకు స్ప్రింగుత్రాసు తగిలించి మెల్లగా లాగండి. ఉండ నిండుగా ఉన్నప్పుడూ, తరిగినప్పుడూ త్రాసు చూపే అంకెలు రాసుకోండి.

మెత్తని కొన ఉన్న కర్రకు రీలు చాలా వదులుగా ఉండాలి. లేకుంటే పెద్ద చేప కర్రనే రంధ్రంలోకి ఈడ్చుకుపోతుంది. విల్లుకర్రకు కాస్త బిగువు కావాలి. మరీ వదులైతే కర్ర నిటారయ్యేటప్పుడు దారం జారిపోయి కొక్కెం తగలదు. ఒకే రీలును రెండింటికీ ఒకే బిగువులో వాడితే ఏదో ఒకటి చెడుతుంది. మామూలు గ్రీజు చలికి చిక్కబడి రీలును పట్టేస్తుందని కూడా మరువరాదు. అల్లిక దారం పోగుల నడుమ నీరు చేరి గడ్డకడుతుంది, కాబట్టి చాలామంది నైలాను ఒంటిపోగునే వాడతారు.

ఈ గడ్డకట్టే బాధ తప్పించడానికి మరొక ఉపాయం ఉంది. అందులో కర్ర లేదు. రంధ్రానికి అడ్డంగా ఒక పలక, దాని కింద నీటిలో మునిగిన రీలు, పైన వంచిపెట్టిన చిన్న జెండా. నీటిలో ఉన్న రీలు గడ్డకట్టదు. చేప లాగితే రీలు తిరుగుతుంది, జెండా లేస్తుంది. మనిషి వచ్చి చేత్తో దారం లాగుకుంటాడు. మిన్నెసోటాలో మంచు మీద ఒక్కొక్కరు రెండు గాలాలే వేయాలి. చేయి పెట్టనక్కరలేదు కదా అని ఇంటికి పోయి పడుకోవడానికీ లేదు. జెండా లేచాక ఆలస్యమైతే చేప కొక్కేన్ని కడుపులోకి మింగేస్తుంది. చిన్న చేపను తిరిగి నీటిలో వదిలినా అప్పుడది బతకడం కష్టం.

గాలం కన్నా ముందు కొలవవలసింది మంచుగడ్డ మందం. మనిషి నడవాలంటే స్వచ్ఛమైన గట్టి గడ్డ కనీసం 4 అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్లు ఉండాలని అక్కడివారు చెబుతారు. తెల్లగా, గాలిబుడగలతో ఉన్న గడ్డకు బలం సగమే, కాబట్టి దాని మందం రెట్టింపు ఉండాలి. ఒకచోట కొలిచి ఊరుకోరు. ఒడ్డు నుంచి కొంత కొంత దూరానికి తొలిచి చూస్తూనే ముందుకు పోతారు.