రెండంగుళాలు దించమంటే

పెళ్ళి ఫొటోల కిరాయికని పాత తెల్ల అంబాసిడర్ ఒకటి కొనుక్కొచ్చి, ఫోన్లో వీడియో చూపించి, "అన్నా, ముందు రెండంగుళాలు దించాలి, ఎంతవుద్ది?" అని అడిగే కుర్రాడు ఎప్పుడో ఒకరోజు శావల్యాపురంలో మీ షెడ్డు ముందూ ఆగుతాడు. రేటు చెప్పేముందు బండి కింద దూరండి.

అంబాసిడర్‌ది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలిక. ముందు కాయిల్ స్ప్రింగులుండవు, పొడుగాటి టోర్షన్ బార్లుంటాయి. చక్రం లేచినప్పుడు కడ్డీ మెలితిరుగుతుంది, ఆ మెలికే స్ప్రింగు. కడ్డీ చివర పళ్ళు జరిపి పట్టు తగ్గిస్తే బండి ముందు వాలుతుంది. సామాను కొనే పనిలేదు, సాయంత్రానికి అయిపోతుంది. చిక్కంతా అక్కడే. ఆర్మ్‌ల వాలు మారింది గానీ స్టీరింగ్ రాక్ ఉన్నచోటే ఉంది. గుంతలో చక్రం లేచినప్పుడల్లా టై రాడ్ దాన్ని ఓ పక్కకి లాగుతుంది. ఖాళీ బండిని వినుకొండ దాకా నలభైలో తిప్పి చూస్తే ఏమీ తెలియదు. వెనక సీట్లో నలుగురు పెళ్ళివారు కూర్చున్నాక, వర్షంలో బ్రేకు కొట్టినప్పుడు తెలుస్తుంది.

నేను పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రి పట్టేసిన టోర్షన్ బార్‌ని గ్యాసుతో ఎర్రగా కాల్చి ఊడబీకాడు. అదే మళ్ళీ బిగించాం. కొన్ని నెలలకి ఆ కారు నిలబెట్టినచోటే బార్ విరిగి ఓ పక్కకి ఒరిగింది. రోడ్డు మీద విరగలేదు, అంతవరకూ మా అదృష్టం. స్ప్రింగు ఉక్కుకి పదును పెట్టి ఉంటుంది. కాల్చినా, వెల్డింగ్ పెట్టినా పదును పోతుంది. కటింగ్ వీలు గీత పడినా పగులు అక్కడే మొదలవుతుంది. ఎడమ బార్‌ని కుడికి వేయడం కూడా అలాంటి పనే.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకి 182ఏ సెక్షన్ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది యజమానికి కదా, నాకేంటి అనుకోకండి. ఆ పని వల్ల ఎవరైనా చనిపోతే, నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ మీ తలుపూ తట్టొచ్చు.

"సీ-బుక్కులో సస్పెన్షన్ మాటే లేదు కదన్నా" అనే లాయర్లు మన టీ బంకుల దగ్గర బోలెడుమంది. బండి నిర్మాణం మారి, దాని మూల లక్షణం మారితే అది మార్పే అని చట్టం అర్థం చెప్పింది. అరిగిన బుష్‌లు, కింగ్‌పిన్‌లు, షాకులు అదే రకానివి వేయడం రిపేరు. కుంగిన బండిని కంపెనీ ఎత్తుకి తేవడం సర్దుబాటు. వేరే కారు ముందు భాగం కోసి అతికించడం మార్పు. ఈ మూడింటికీ మధ్యలో పడే పనైతే, చేసే ముందే నరసరావుపేట ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి రమ్మనండి. పదిహేనేళ్ళు దాటిన కారు రెన్యువల్‌కి ఎలాగూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకి పోవాల్సిందే. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ మీద ఆశపడేవాళ్ళకి ఇంకో మాట: యాభై ఏళ్ళు నిండాలి, బండి అసలు రూపంలో ఉండాలి, పైగా కిరాయికి తిప్పకూడదు. అంటే పెళ్ళి కిరాయికి అది పనికిరాదు.

లేదని చెప్పి పంపిస్తే కూలి పోతుందని భయం. పోదు. "దించను తమ్ముడూ, కొత్తదానిలా తోలేటట్టు చేస్తా" అని ముందు లూజు చూపించండి. చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే వాణ్ణే బ్రేకు తొక్కమనండి. లూజు పోతే బేరింగు, పోకపోతే కింగ్‌పిన్. తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ సంగతి తేలుతుంది. తన చేత్తో ఊపి చూసినవాడు బేరం తక్కువ చేస్తాడు.

కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఇటుకలు అసలే వద్దు. ఇటుక చెప్పి పగలదు. స్టాండ్లు లేకపోతే మందమైన కొయ్య దిమ్మెలు వేసుకోండి. బార్ మెలిక పూర్తిగా వదిలాకే బోల్టు తీయాలి.

బిల్లు మీద ఛాసిస్ నంబరు, వేసిన సామాను రాసి సంతకం తీసుకోండి. పాత సామాను సంచిలో కట్టి డిక్కీలో పెట్టండి. అలైన్‌మెంట్‌కి పంపినప్పుడు వాళ్ళిచ్చే కాగితాన్ని మీ బిల్లు కాపీకి పిన్ను కొట్టి ఉంచండి. వాడు ఇంకో షెడ్డుకి పోయి దించుకుని ఎక్కడైనా గుద్దినా, మీ దగ్గర్నుంచి ఆ బండి ఏ స్థితిలో బయటికి పోయిందో ఆ కాగితం చెబుతుంది.