ఇంట్లో పార్టులు టెస్ట్ చేయడానికి ఏ మీటర్ కొనాలి? తక్కువ బడ్జెట్ గైడ్

ఫ్యాన్ నిదానంగా తిరుగుతోంది, ఛార్జర్ పనిచేయడంలా, రిమోట్ నొక్కితే టీవీ పలకడంలా. ఇలాంటప్పుడు తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంట్లో ఒక మీటర్ ఉంటే చాలు. కానీ ఆన్‌లైన్‌లో వెతికితే 200 రూపాయల నుంచి వేలల్లో ఉన్నాయి. మరి ఏది కొనాలి?

నేను చేసిన తప్పు

మాది నెల్లూరు జిల్లా కొండాపురం. బీటెక్‌లో ఉన్నప్పుడు చవగ్గా వస్తోందని ఒక మీటర్ కొన్నాను. ఎండాకాలం సెలవులకి ఇంటికి వస్తే "ఫ్యాన్ గాలే రావడంలా, కాస్త చూడరా" అన్నాడు మా నాయన. కెపాసిటర్ మీద అనుమానం వచ్చింది. తీరా చూస్తే నా మీటర్‌లో కెపాసిటర్ కొలిచే రేంజే లేదు.

సరే, సాకెట్‌లో వోల్టేజ్ అయినా చూద్దామని ప్రోబ్స్ పెట్టాను. టప్ మని నిప్పురవ్వలు! అంతకుముందు ఆంప్స్ కొలిచి, ఎర్ర వైరుని 10 ఆంప్స్ హోల్‌లోనే మర్చిపోయాను. ఆ హోల్‌లో ఉంటే మీటర్ మామూలు వైరు ముక్కతో సమానం. అంటే 230 వోల్టుల ఫేజ్‌ని, న్యూట్రల్‌ని డైరెక్టుగా కలిపేశానన్నమాట. ఎంసీబీ పడింది కాబట్టి సరిపోయింది. ఆ హోల్ పక్కన 'అన్‌ఫ్యూజ్డ్' అని రాసే ఉంది, నేనే పట్టించుకోలేదు.

అందుకే చెప్తున్నా: రేటు తర్వాత చూడండి, ఏం కొలవాలో ముందు రాసుకోండి.

ఏ మీటర్ దేనికి?

1. డీటీ830 రకం చిన్న మీటర్: సెల్స్, అడాప్టర్లు, రెసిస్టర్లు, డయోడ్లు చూడటానికి ఓకే. చాలావాటిలో కెపాసిటర్ రేంజ్ ఉండదు, కొన్నిటిలో కంటిన్యుటీ బీప్ కూడా ఉండదు. బ్యాటరీతో నడిచే ప్రాజెక్టుల వరకే వాడండి.

2. కాంపోనెంట్ టెస్టర్: పార్టు కాళ్లు పెట్టి బటన్ నొక్కితే అది ట్రాన్సిస్టరా, డయోడా, కెపాసిటరా అని తనే గుర్తుపట్టి, ఏ కాలు ఏదో బొమ్మ వేసి చూపిస్తుంది. కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్, అంటే ఈఎస్ఆర్ కూడా చెప్తుంది. జర్మనీలో మార్కుస్ ఫ్రెయెక్ మొదలుపెట్టి, కార్ల్‌హైన్జ్ క్యూబెలర్ పెంచిన ఓపెన్ ప్రాజెక్టే వీటిలో చాలావాటికి మూలం. అయితే దీంతో ఇంటి కరెంటు కొలవకూడదు. ఛార్జ్ ఉన్న కెపాసిటర్ పెడితే లోపలి చిప్ పోతుంది.

3. ఆటోరేంజ్ మల్టీమీటర్: వోల్టులు, ఓంలు, కెపాసిటర్, బీప్ అన్నీ ఒకే దాంట్లో. ఇంటికి ఒక్కటే కొనాలంటే ఇదే.

కొనేముందు చూడాల్సినవి

• క్యాట్ రేటింగ్: ఇది ఐఈసీ 61010 సేఫ్టీ స్టాండర్డ్‌లోది. ఇంట్లో సాకెట్లకి క్యాట్ 2, మెయిన్ బోర్డుకి క్యాట్ 3 ఉండాలి. పక్కనే 300 వోల్టులా, 600 వోల్టులా అని కూడా ఉంటుంది. 600 ఉన్నదే తీసుకోండి. ప్రోబ్స్ మీద కూడా ఈ రేటింగ్ ఉండాలి.
• ఫ్యూజ్: ఆంప్స్ హోల్స్ రెండిటికీ ఉందో లేదో చూడండి. గాజు ఫ్యూజ్ కంటే సిరామిక్ ఫ్యూజ్ మేలు.
• కౌంట్స్: ఛార్జ్ నిండిన ఫోన్ బ్యాటరీని 2000 కౌంట్స్ మీటర్ 4.20 అని, 6000 కౌంట్స్ మీటర్ 4.200 అని చూపిస్తుంది. ఇంటి పనికి ఈ తేడా పెద్ద విషయం కాదు, దీనికోసం ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.
• ట్రూ ఆర్ఎంఎస్: ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే పనికొస్తుంది. ఇది లేని మీటర్ ఆ వోల్టేజ్‌ని సుమారు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది.

ఫ్యాన్ కెపాసిటర్ టెస్ట్ ఇలా

ముందు మెయిన్ ఆఫ్ చేయండి. కెపాసిటర్ రెండు వైర్ల మధ్య 10 కిలో ఓం, 5 వాట్ల రెసిస్టర్‌ని కొన్ని సెకన్లు పెట్టి ఛార్జ్ దించండి. రెసిస్టర్‌ని చేత్తో కాదు, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకోండి. వోల్టుల రేంజ్‌లో సున్నా వచ్చిందని చూసుకున్నాక, కెపాసిటర్‌ని విడదీసి కొలవండి. దాని మీద 2.5 మైక్రోఫారడ్, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే, 2.37 నుంచి 2.63 మధ్యలో రావాలి. మా ఫ్యాన్‌ది కొత్త మీటర్‌తో చూస్తే 1.6 వచ్చింది. కెపాసిటర్ మార్చాం, అంతే, ఫ్యాన్ మళ్లీ ఫుల్ స్పీడ్!

ఫైనల్‌గా...

ఇంటికోసం అయితే కెపాసిటర్ రేంజ్, బీప్, ఫ్యూజులు, క్యాట్ 3 600 వోల్ట్స్ ఉన్న మల్టీమీటర్ తీసుకోండి. పాత బోర్డుల్లోంచి పార్టులు పీకి ప్రాజెక్టులు చేసే స్టూడెంట్స్ అయితే, దానికి తోడుగా కాంపోనెంట్ టెస్టర్ కూడా కొనొచ్చు. మా వైపు పొలాల్లో బోరు మోటార్లకి ఉండే త్రీ ఫేజ్ స్టార్టర్ డబ్బా మాత్రం తెరవొద్దు. అక్కడ ఉండేది 415 వోల్టులు, ఆ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

చివరగా ఒక అలవాటు: ఆంప్స్ కొలిచిన వెంటనే ఎర్ర వైరుని వోల్ట్స్ హోల్‌లోకి మార్చేయండి. నాలాగా టప్ మనిపించాక నేర్చుకోవద్దు.