టేకాఫ్‌కు ముందు ఒక్క అంకె తప్పితే? కాక్‌పిట్ ల్యాప్‌టాప్ నేర్పే పాఠం

ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

పోయిన నెల సికింద్రాబాద్‌లో మా ఇంట్లోనే ఒక టాబ్లెట్ బ్యాటరీ టెస్ట్ చేశాను. దాని బ్యాటరీ 10,000 ఎంఏహెచ్. లెక్కలకు నేను ఎప్పుడూ వాడే ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాను. అందులో అంతకుముందు టెస్ట్ చేసిన ఫోన్ తాలూకు 5,000 అలాగే ఉండిపోయింది, నేను చూసుకోలేదు. వీడియో చూస్తే గంటకు 8 శాతం తగ్గింది కాబట్టి 400 ఎంఏహెచ్ ఖర్చు అని షీట్ చెప్పింది. అసలు లెక్క 800. ఆర్టికల్ కూడా రాసేశాను. ఎడిటింగ్ చేసే తమ్ముడు చూసి, "అన్నా, ఇంత పెద్ద స్క్రీన్ ఫోన్ కన్నా తక్కువ తింటుందా?" అన్నాడు. అప్పుడు దొరికింది తప్పు.

నా తప్పుకు మహా అయితే ఎవరి డబ్బులో వృథా అయ్యేవి. ఇదే రకం తప్పు విమానంలో జరిగితే ఏమవుతుందో చూద్దాం.

టేకాఫ్‌కు ముందు ఏం లెక్కేస్తారు?

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేదాకా పెద్ద విమానాలు మా పక్కనే ఉన్న బేగంపేట నుంచే ఎగిరేవి. అన్ని విమానాలూ ఒకే వేగంతో లేస్తాయని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదు. ప్రతి టేకాఫ్‌కూ లెక్క మారుతుంది. విమానం మొత్తం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఎండ, ఊరు ఎంత ఎత్తులో ఉంది, ఇవన్నీ కావాలి. శంషాబాద్ సముద్రమట్టానికి దాదాపు 617 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం అక్కడ గాలి పల్చగా ఉంటుంది. అదే బరువుతో చల్లటి ఉదయం విశాఖలో లేచే విమానం కన్నా ఇక్కడ ఎక్కువ దూరం పరిగెత్తాలి.

ఈ వివరాలన్నీ పైలట్లు ల్యాప్‌టాప్‌లోనో టాబ్లెట్‌లోనో కొడతారు. దీన్ని ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్ అంటారు. అది ముఖ్యంగా రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, ఏ వేగం దగ్గర ముక్కు పైకి ఎత్తాలి. రెండు, ఇంజిన్‌కు ఎంత పవర్ ఇవ్వాలి. చాలాసార్లు ఫుల్ పవర్ వాడరు. మన ఫోన్‌లో బ్యాటరీ సేవర్ లాంటిదే ఇది. అవసరమైనంతే వాడితే ఇంజిన్ ఎక్కువ కాలం వస్తుంది. కానీ బరువు తక్కువని తప్పుగా చెబితే పవర్ కూడా తక్కువే వస్తుంది.

2 బదులు 3 పడాల్సింది

2009 మార్చి 20న మెల్‌బోర్న్ నుంచి దుబాయ్‌కి బయల్దేరిన ఎమిరేట్స్ 407 ఎయిర్‌బస్ ఏ340లో 275 మంది ఉన్నారు. కొట్టాల్సిన బరువు 362.9 టన్నులు. ల్యాప్‌టాప్‌లో పడింది 262.9. ఒక్క అంకె తేడా, వంద టన్నుల తేడా. ముక్కు ఎత్తే వేగం 161 నాట్లకు బదులు 145 అని వచ్చింది. తోక రన్‌వేకు రాసుకుంది. కెప్టెన్ వెంటనే ఫుల్ పవర్ ఇచ్చారు. రన్‌వే చివర దాటాక విమానం లేచింది, అక్కడున్న లైటునూ యాంటెన్నానూ తగిలింది. ఇంధనం వదిలేసి వెనక్కి వచ్చి దిగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కెనడాలో హాలిఫాక్స్‌లో అలా జరగలేదు. 2004 అక్టోబర్ 14న ఎంకే ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 కార్గో విమానం అసలు బరువు సుమారు 353 టన్నులు. లెక్కలో వాడింది సుమారు 240 టన్నులు. అది అంతకుముందు వేరే ఊరి నుంచి ఎగిరినప్పటి బరువు. పాత అంకె ల్యాప్‌టాప్‌లో అలాగే ఉండిపోయి కొత్త లెక్కలోకి వచ్చి ఉండాలని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. విమానంలో ఉన్న ఏడుగురూ చనిపోయారు. నా ఎక్సెల్ షీట్‌లో జరిగింది కూడా సరిగ్గా ఇదే.

సాఫ్ట్‌వేర్ సంగతి ఏంటి?

2017 జులై 21న బెల్‌ఫాస్ట్‌లో ఒక బోయింగ్ 737లో బయటి ఉష్ణోగ్రత 16 డిగ్రీలు అయితే, కంప్యూటర్‌లో మైనస్ 52 పడింది. జులైలో మైనస్ 52! పవర్ బాగా తగ్గిపోయి, విమానం రన్‌వే అవతల లైటును తగిలి ఎలాగో బయటపడింది. ఇలాంటి ఉష్ణోగ్రతను సెన్సర్‌తో పోల్చి చూసే చెక్ కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో అప్పటికే ఉంది. ఈ విమానంలో మాత్రం పాత వెర్షన్ నడుస్తోంది. అప్‌డేట్ వాయిదా వేసే మనందరికీ ఇది గుర్తుండాలి.

అలాగని అప్‌డేట్ చేస్తే అంతా సర్దుకుంటుందనీ కాదు. 2020 జులైలో బర్మింగ్‌హామ్ నుంచి వెళ్లిన ఒక విమానంలో, మారిన సాఫ్ట్‌వేర్ "మిస్" అని రాసిన 38 మంది పెద్దవాళ్లను చిన్నపిల్లలుగా లెక్కేసింది. కాగితం మీద బరువు 1,244 కేజీలు తగ్గిపోయింది. ఆ విమానం క్షేమంగానే వెళ్లింది, కానీ తప్పును మెషిన్ పట్టుకోలేదు.

మరి ఎలా పట్టుకోవాలి?

ఈ కేసుల్లో ఏ గ్యాడ్జెటూ పాడవలేదు. బర్మింగ్‌హామ్ తప్ప మిగతా చోట్ల ఇచ్చిన అంకెకు సరైన జవాబే ఇచ్చింది. ఇబ్బంది అక్కడే ఉంది. స్క్రీన్ మీద నీట్‌గా కనిపించే జవాబును మనం అనుమానించం. పైగా వేర్వేరు సైజుల విమానాలు నడిపే పైలట్‌కు 262 టన్నులు కూడా మామూలుగానే అనిపిస్తుంది.

అందుకే విమానాల్లో పాటించే మూడు అలవాట్లు మనమూ నేర్చుకోవచ్చు.

ఒకటి, ఇద్దరూ విడివిడిగా లెక్కేయాలి. మొదటివాళ్ల స్క్రీన్ చూసి రెండోవాళ్లు "ఓకే" అంటే అది చెకింగ్ కాదు. రెండోవాళ్లు కూడా అసలు కాగితం నుంచే అంకె తీసుకోవాలి.

రెండు, పాత డేటా మొత్తం తుడిచేసి మొదలుపెట్టాలి. ఖాళీ గడి ఉంటే గుర్తొస్తుంది, నిండిన గడి ఉంటే మర్చిపోతాం.

మూడు, బటన్ నొక్కక ముందే జవాబు దాదాపు ఎంత రావాలో మనసులో అనుకోవాలి. వచ్చింది దానికి దూరంగా ఉంటే ఆగి చూడాలి.

ఇప్పుడు నా షీట్‌లో ప్రతి టెస్ట్‌కూ గడులు ఖాళీ చేస్తున్నాను. లెక్క నేనొకసారి, తమ్ముడొకసారి వేస్తున్నాం. ఈరోజు యూపీఐలో డబ్బు పంపేటప్పుడు మీరు కూడా ఒక్క క్షణం ఆగి సున్నాలు లెక్కపెట్టండి.