ఆటపై మక్కువ మరల చిగురించుటకు

మన విద్యార్థులలో చేతిఫోనులో ఏదో ఒక ఆట ఆడనివారు అరుదు. కాని ఆడి లేచిన తరువాత ముఖంలో తృప్తి కనిపించేవారు అంతకంటె అరుదు. విసుగు పుట్టినదంటూనే ఆడేవారున్నారు. ఆట మానలేక, ఆడి ఆనందింపలేక సతమతమయ్యేవారున్నారు. వీడియో ఆటలన్నియు కాలహరణమేనని పెద్దలు నిందిస్తారు. ఆ మాటలో కొంత సత్యమున్నది. కాని చెడ్డ నవలలు చదివినవాడు సాహిత్యాన్ని నిందించినట్లే అవుతుంది. ఏ ఆటను ఎన్నుకొనవలెనో తెలిసినవానికి ఆటపై మక్కువ మరల చిగురిస్తుంది. అటువంటి కొన్ని ఆటలను పరిచయం చేయుటయే ఈ వ్యాసోద్దేశ్యం.

ఆట ఎక్కడ ఆగి జూదం ఎక్కడ మొదలవుతుంది?

మన పిల్లలలో ‘ఆటలో అరటిపండు’ అనే మర్యాద ఒకటి ఉన్నది. చిన్నవాడు ఓడినా అతనిని బయటకు పంపరు, ఆటలోనే ఉంచుకొంటారు. బలహీనునికి కూడా చోటివ్వడం ఆట లక్షణం. బలహీనుని నుండి డబ్బు లాగుకొనడం జూదం లక్షణం. నేటి ఫోను ఆటలలో అనేకం ఈ రెండవ జాతికి దగ్గరగా ఉన్నవి. ప్రతిదినం హాజరు వేయించుకొనడం, గెలుపును ఆలస్యం చేయడం, ఆ ఆలస్యాన్ని తొలగించుటకు రుసుము కోరడం వీటి పద్ధతి. వీటికి ముగింపు ఉండదు. ముగింపు లేనిచోట తృప్తి ఎట్లా కలుగుతుంది?

ఇక పందెపు ఆటల సంగతి చెప్పనక్కరలేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకరు వంటి వానిని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ శాసనం చేసినది. శాసనం చేతిని ఆపగలదు. అభిరుచిని మాత్రం మనమే దిద్దుకొనవలెను.

1. టెట్రిస్

1984లో మాస్కోలో, సోవియట్ సైన్సు అకాడమీకి చెందిన గణన కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దీనిని రూపొందించాడు. నాలుగేసి చదరాలతో కూడిన ఏడు ఆకారాలు పైనుండి దిగుతూ ఉంటాయి. వానిని త్రిప్పి, సందు లేకుండా అమర్చితే వరుస మాయమవుతుంది. ఇంతే ఆట. పెడనలో కలంకారీ అద్దకంవారు అచ్చు ప్రక్కన అచ్చును అతుకు కనబడకుండా వేయడం చూచినవారికి ఇందులోని ఆనందం వెంటనే బోధపడుతుంది. కన్ను, చేయి, ఆలోచన మూడును ఒకటైన క్షణమది. 2023 డిసెంబరులో 13 ఏండ్ల అమెరికా బాలుడొకడు దీని పాత రూపాన్ని ఎంత దూరం ఆడినాడంటే, యంత్రమే ముందుకు సాగలేక నిలిచిపోయినది. సుమారు నలుబది ఏండ్ల నాటి ఆటలో కూడా క్రొత్త మెట్టు మిగిలి ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

2. ప్రిన్స్ ఆఫ్ పర్షియా

1989లో జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు రచించిన ఆట. చెరలో ఉన్న రాకుమారిని అరువది నిమిషాలలో విడిపించవలెను. జాఫర్ అనే వజీరు ప్రతినాయకుడు. కథ అల్ఫ్‌లైలా కథల బాణీలోనిదే. దీని విశేషం కదలికలో ఉన్నది. మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుచుండగా, దూకుచుండగా చలనచిత్రం తీసి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా చూచి బొమ్మలు గీసినాడు. కనుకనే ఆ రాకుమారుడు నిజమైన మనిషివలె తడబడతాడు, అంచు పట్టుకొని వ్రేలాడతాడు. తొందరపడినవాడు గోతిలో పడతాడు. గడియ తరుగుతున్నా నిదానం విడువరాదని ఈ ఆట నేర్పుతుంది.

3. మాన్యుమెంట్ వ్యాలీ

లండనులోని అస్ట్వో సంస్థ 2014లో వెలువరించినది. ఫోనులోనే ఆడుకొనవచ్చును. పది అధ్యాయాలతో ముగిసిపోతుంది. ఐడా అనే రాకుమారి విచిత్రమైన కట్టడాలలో నడుస్తుంది. కట్టడాన్ని త్రిప్పితే తెగిన దారులు కంటికి కలిసినట్లు తోస్తాయి. కంటికి కలిసిన దారి కాలికి కూడా కలుస్తుంది. డచ్చి చిత్రకారుడు ఎషర్ చిత్రాలు దీనికి స్ఫూర్తి. ఆ ఎషర్ 1922లోను, 1936లోను స్పెయిన్‌లోని అల్‌హమ్రా ప్రాసాదాన్ని దర్శించి, ముస్లిం శిల్పులు గోడలపై పరచిన పలకల అల్లికను శ్రద్ధతో అభ్యసించినవాడు. ఒక కళ ఎన్ని చేతులు మారి మన అరచేతిలోకి వచ్చినదో గమనింపదగినది.

4. వెన్బా

2023లో కెనడాలోని టొరంటో నగరం నుండి వచ్చినది. అక్కడికి వలసపోయిన తమిళ దంపతుల కథ. తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. మిగిలిన ముక్కలనుబట్టి ఊహించి ఇడ్లీ మొదలైనవి వండుటయే ఆట. ఈలోగా పెరుగుతున్న కొడుకు తల్లిభాషకు దూరమవుతాడు. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, ఉద్యోగానికి మరొక భాష నేర్చే మన విద్యార్థులకు ఇది పరాయి కథ కాదు. ఆట కన్నీరు కూడా తెప్పించగలదని దీనిని చూచిన తరువాత ఒప్పుకొనక తప్పదు.

తెర లేని ఆటలు

పై నాలుగింటికీ మూలమైన గుణాలు మన ఇంటి ఆటలలో ఏనాడో ఉన్నవి. పదునాలుగు గుంటలలో చింతగింజలు పంచుకొనిపోయే వామనగుంటలకు అరబ్బు, ఆఫ్రికా దేశాలలో ‘మన్‌ఖలా’ అనే జ్ఞాతి ఉన్నది. ఒక చోటినుండి మరొక చోటికి మార్చుట అని ఆ పదానికి మూలార్థం. ఉర్దూలోని ‘ముంతఖిల్’ కూడా ఆ ధాతువునుండి వచ్చినదే. మన చతురంగం పారశీకంలో చత్రంగ్ అయి, అరబ్బీలో షత్రంజ్ అయి, ఐరోపాకు చేరినది.

ఈ చదరంగంలోనే మన జిల్లాకు ఒక ఉదాహరణ ఉన్నది. 1987లో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదిహేనేండ్ల ప్రాయంలో గ్రాండ్‌మాస్టరు అయినది. 2017లో బిడ్డ పుట్టిన కాలంలో పోటీలకు దూరమైనది. తిరిగివచ్చి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ మహిళా విజేతగా నిలిచినది. విరామం ఆటకు శత్రువు కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

కాబట్టి విసుగు కలిగినప్పుడు కొంతకాలం ఆట మానవలెను. మరల మొదలుపెట్టునప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. ఇది ఎక్కడనైనా ముగుస్తుందా, లేక ఆడినకొద్దీ నా నేర్పు పెరుగుతుందా? ఆట మధ్యలో నా జేబు వైపు చూస్తున్నదా? ఆడి లేచిన తరువాత తోటివారితో చెప్పుకొనదగినది ఏమైనా మిగిలినదా? ఈ మూడింటికీ సరియైన సమాధానం దొరికినచో ఆ ఆటను నిస్సంకోచంగా ఆడవచ్చును. పరీక్షల తరువాత సుమా!