ఒక జన్యువు – పలు ప్రోటీన్లు

"సీత పాలు తాగి బడికి వెళ్ళింది." ఈ వాక్యంలో 'పాలు తాగి' అన్న మాటలు తీసివేయండి. "సీత బడికి వెళ్ళింది" అని మిగులుతుంది. రెండూ సరైన వాక్యాలే. అర్థం మాత్రం వేరు. మన కణాలు కూడా ఇలాంటి పనే చేస్తాయి.

కణకేంద్రకంలో జన్యువు నుంచి ముందుగా పొడవైన ఆర్‌.ఎన్‌.ఎ. నకలు తయారవుతుంది. అందులో చివరిదాకా నిలిచే భాగాలను ఎక్సాన్లనీ, మధ్యలో తొలగిపోయే భాగాలను ఇంట్రాన్లనీ అంటారు. ఇంట్రాన్లు పోగా ఎక్సాన్లు ఒకదానికొకటి అతుక్కోవడమే స్ప్లైసింగ్‌. దీనిని 1977లో కనుగొన్నందుకు ఫిలిప్‌ షార్ప్‌, రిచర్డ్‌ రాబర్ట్స్‌ 1993లో నోబెల్‌ బహుమతి పొందారు.

ఒక్కొక్కప్పుడు కొన్ని ఎక్సాన్లు కూడా తొలగిపోతాయి. అందుచేత ఒకే జన్యువు నుంచి పలు రకాల ప్రోటీన్లు రావచ్చు. నాలుగు ఎక్సాన్లలో మొదటిది, చివరిది తప్పక ఉండాలనీ, మధ్య రెండూ ఉన్నా లేకున్నా ఫరవాలేదనీ అనుకోండి. ఎన్ని కూర్పులు వస్తాయి? నాలుగు!

మరి ఏ ఎక్సాన్‌ను ఉంచాలో నిర్ణయించేదెవరు? ఆర్‌.ఎన్‌.ఎ.ను అంటిపెట్టుకొనే కొన్ని ప్రోటీన్లు. వాటిలో కొన్ని "ఉంచు" అంటాయి. కొన్ని "వదిలెయ్‌" అంటాయి.

ఈ నిర్ణయం ఎంత ముఖ్యమైనదో చూడండి. వెన్నుపాములోని నాడీకణాలు బతకడానికి ఎస్‌.ఎమ్‌.ఎన్‌. అనే ప్రోటీన్‌ కావాలి. దాన్ని ముఖ్యంగా తయారుచేసేది ఎస్‌.ఎమ్‌.ఎన్‌.1 జన్యువు. అది లోపించిన పిల్లలకు కండరాలు క్షీణిస్తాయి. దాని జంట వంటి ఎస్‌.ఎమ్‌.ఎన్‌.2 జన్యువు వారిలో ఉన్నా, అది చాలినంత సాయపడలేదు. కారణం ఏడో ఎక్సాన్‌లో ఒకే ఒక్క అక్షరం మార్పు! దానివల్ల "ఉంచు" అనే ప్రోటీన్‌ అక్కడ సరిగా అంటుకోదు. పక్కనున్న ఇంట్రాన్‌పై హెచ్‌.ఎన్‌.ఆర్‌.ఎన్‌.పి. ఎ1 అనే ప్రోటీన్‌ చేరి "వదిలెయ్‌" అంటుంది. ఏడో ఎక్సాన్‌ చాలాసార్లు జారిపోతుంది. అది లేని ప్రోటీన్‌ త్వరగా నశిస్తుంది.

శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. ఆర్‌.ఎన్‌.ఎ.పై ఆ "వదిలెయ్‌" ప్రోటీన్‌ కూర్చునే చోటును 18 అక్షరాల చిన్న ముక్కతో కప్పివేశారు. కూర్చునే చోటు లేకపోయేసరికి ఏడో ఎక్సాన్‌ నిలిచింది! నుసినర్సెన్‌ అనే ఈ మందును 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతించారు. దీనిని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు. వ్యాధి లక్షణాలు పైకి కనిపించకముందే ఈ మందు మొదలుపెట్టిన పసివాళ్ళలో చాలామంది నడవగలిగారు.

జన్యువును మార్చలేదు, దాన్ని చదివే తీరును మాత్రమే మార్చారు. గమనించారా!