తేటపడే తీరు

చి. మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

తెలుగు పాఠాలు చెప్పడానికి కొత్తగా పూనుకున్న చిరంజీవి, సులభంగా తెలిసిన ప్రతిదానికీ ‘స్పష్టం’ అన్న ఒక్క మాటే వాడడం తప్పు కాదు గాని, ఆ అర్థంలోని మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు తెలియడాన్ని చెబుతాయని గమనించవలసి ఉంది. ‘స్పష్టం’ చూడడమనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి పుట్టగా, ‘స్ఫుటం’ మొగ్గ విచ్చుకోవడాన్ని సూచిస్తుంది కనుక, దాగి ఉండి బయటపడినదానికి బాగా ఒప్పుతుంది. అరచేతిలోని ఉసిరికాయ అని అర్థమిచ్చే ‘కరతలామలకం’ ఎటు తిప్పినా కనబడేంతగా పట్టుబడిన విద్యకు చెల్లుతుందే గాని, ఒకసారి చదివి అర్థమైన పాఠానికి చెల్లదు.

అచ్చతెలుగులో తెలియు, తెలివి, తెల్లవారు అనేవి ఒకే కుదుటి మాటలు. ‘తెలుపు’ రంగూ అవుతుంది, ఎరిగించడమూ అవుతుంది. సంస్కృతంలోని ‘విశదం’ కూడా తెల్లనిదనే అర్థమున్న మాటే. వీటన్నిటిలోకి ‘తేట’ లోతైనది: కుండ లోపల చిల్లగింజ అరగదీసి, బురదనీరు పోసి కదపకుండా ఉంచితే, మడ్డి అడుగుకు దిగి పైన నిలిచేదే తేట. సులభంగా అర్థమయ్యే గుణానికి ఆలంకారికులు పెట్టిన ‘ప్రసాదం’ అనే పేరులోనూ దిగి కుదురుకోవడమనే భావమే ఉంది. వారిలో 11వ శతాబ్దపు మమ్మటుడు ఆ గుణాన్ని ఎండుకట్టెలో నిప్పుతోనూ నిర్మల జలంతోనూ పోల్చాడు. తేటగా రాయదలచినవారు మొదట తమ ఆలోచనలోని మడ్డి దిగేవరకు ఆగక తప్పదు.

నోట వేసుకోగానే రసమిచ్చే ద్రాక్షాపాకం, తొక్క ఒలవవలసిన కదళీపాకం, పెంకు పగలగొట్టవలసిన నారికేళపాకం అని కవిత్వపు శైలిని విభజించడం అందరూ ఎరిగినదే అయినా, ఆ మూడూ మెట్లు కావు, రుచులు. కొబ్బరికాయ ద్రాక్షపండు కాలేదని నిందించడం తగదు.

‘వేరే చెప్పనక్కరలేదు’ అని రాసి వెంటనే దానినే చెప్పే వింత అలవాటు పండితులలోనూ ఉంది. అది వట్టి వేడుక. తరగతిలో ‘ఇది తేటతెల్లమే కదా’ అనడం మాత్రం అంత తేలిక కాదు, ఎందుకంటే అర్థం కాని పిల్లవాడు ఆ మాట విన్న తరువాత సందేహం అడగడానికి సిగ్గుపడి, తలూపి ఊరుకుంటాడు.

ఇట్లు,
తాతయ్య