కమానుకు మొన ఎందుకు?

పిల్లలూ! మెదక్ చర్చి బొమ్మ చూసే ఉంటారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో మళ్ళీ వాడుకలోకి వచ్చిన గోథిక్ పద్ధతిలో కట్టారు. అందులో కమానులు తామరమొగ్గలా పైన మొనదేలి ఉంటాయి. అందం కోసమేనా?

రెండు అట్టలను బల్లమీద పాక కప్పులా ఒకదానికొకటి ఆనించండి. ఎత్తు తగ్గించేకొద్దీ అడుగులు పక్కలకు జారి కూలిపోతాయి. కమానూ అంతే. పైబరువు కిందికే కాదు, పక్కలకూ నెడుతుంది. వెడల్పూ బరువూ మార్చకుండా ఎత్తు రెట్టింపు చేస్తే ఆ పక్కతోపు సుమారు సగమవుతుంది. మొన ఉన్న కమాను ఎత్తుగా లేస్తుంది కదా! మిగిలిన తోపును ఆపడానికి గోడ వెలుపల ఆసరా దిమ్మెలు కడతారు. ఆపకపోతే గోడ బయటికి ఒరిగి, కప్పు లోపలివారి నెత్తిన పడుతుంది.

మరి మన పి.గన్నవరంలో, కాలువ నీటిని వైనతేయ పాయ దాటించడానికి 1850 దశకంలో కట్టిన పాత అక్విడక్టు సంగతి? (దాన్ని ఉత్త వంతెన అనుకునేవారే ఎక్కువ.) 40 అడుగుల వెడల్పు కమానులు 49 ఉన్నాయి. మొన లేదు. పక్కపక్క కమానులు ఎదురెదురుగా నెట్టుకోవడంతో మధ్య స్తంభం కదలదు. చివరి కమానుకు మాత్రం ఒకవైపు పొరుగు లేదు. అటు వెళ్ళినప్పుడు గట్టు దగ్గర ఏం కట్టారో చూడండి.